గడప ముందు బలురక్కసి గింజలు

పొద్దున్నే తలుపు తీయగానే మీ గడప ముందు గుప్పెడు నల్ల గింజలు కనిపిస్తే, మీరు మొదట ఎవరిని అనుమానిస్తారు? గాలినా? పిచ్చుకనా? మీ ఇంటాయననా? నిజం చెప్పండి. మీ ఇంట్లో అంట్లు తోమే మనిషినే కదా? ఆవిడ కాకపోతే మెట్ల కింద గదిలో కాపురముండే వాచ్‌మన్ భార్యని.

మా అపార్ట్‌మెంట్‌లో అదే జరిగింది. చిక్కడపల్లి మార్కెట్ వెనక నుంచి అశోక్‌నగర్ వైపు దిగే సందులో మాది మూడంతస్తుల పాత కట్టడం. పక్కనే ఒక ఖాళీ జాగా ఉంది. దాని సొంతదారులు అన్నదమ్ములు, కోర్టుకెక్కి కూర్చున్నారు. ఖాళీ అంటే మనుషులకు ఖాళీ అని మాత్రమే. కొన్నేళ్ల కిందట వాళ్లలో ఒకాయన జేసీబీ తెప్పించి నేల చదును చేయించి, ఎక్కడి నుంచో లారీల కొద్దీ మొరం పోయించాడు. రెండోవాడు స్టే తెచ్చాడు. పని ఆగిపోయింది. మొరం మిగిలింది. ఆ మొరంతో పాటే వచ్చింది బలురక్కసి.

మీరు చూసే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. బూడిద పూసినట్టుండే ఆకులు, ఆకు అంచు పొడవునా ముళ్లు, ఈనెల మీద తెల్లటి చారలు. కొసన పతంగి కాగితంలాంటి పల్చటి పసుపు పువ్వు. కాడ తుంచితే పసుపుపచ్చటి పాలు కారతాయి. కొందరు బ్రహ్మదండి అంటారు. మా వాచ్‌మన్ భార్య పిచ్చికుసుమ అంటుంది. చల్లని దేశాల్లో రైతుల పొలాలను పాడుచేసే ముళ్ల కలుపుకి ఇది చుట్టం కాదు, గసగసాల కుటుంబానికి చెందింది. సముద్రాలు దాటి అమెరికా ఖండం నుంచి వచ్చింది. కానీ ఎత్తుగడ అన్ని ముళ్ల కలుపులదీ ఒక్కటే. నేలను ఎవరైనా కెలికి వదిలేస్తే చాలు, వచ్చి కూర్చుంటుంది. మేకలు మూతి పెట్టవు కాబట్టి చుట్టూ ఉన్న మంచి గడ్డి అంతా మేకల పొట్టలోకి పోయి ఇదొక్కటే మిగులుతుంది. చలికాలంలో మొలిచి, ఎండలు ముదిరే నాటికి కాయలు పండించి, తాను ఎండిపోతుంది. కాయ కొసన చిన్న చిన్న కిటికీల్లా విచ్చుకుంటుంది. కదిలిస్తే గింజలు జలజలా రాలతాయి. రాలిన గింజ ఈ ఏడే మొలవాలని లేదు. మట్టిలో ఏళ్ల తరబడి పడుకోగలదు.

వాచ్‌మన్ భార్య అన్నాను గానీ నిజానికి వాచ్‌మన్ ఆవిడే. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చారు. భర్త తెల్లారకముందే కూలీల అడ్డాకి పోతాడు, సిమెంటు పని. మోటారు వేయడం, మెట్లు ఊడ్చడం, గేటు చూడడం అంతా ఆవిడదే. దానికి ప్రతిఫలంలో ఎక్కువ భాగం మెట్ల కింద గదే. అందులో నిలబడితే తల తగులుతుంది. అయినా అశోక్‌నగర్‌లో ఇప్పుడు ప్రతి గదీ పోటీ పరీక్షల పిల్లలకు హాస్టల్ అయిపోయాక, ఆ గది పోతే వాళ్లకు ఈ చుట్టుపక్కల మరో గది దొరకదు. గది దొరక్కపోతే ఆయన అడ్డా పోతుంది, ఆవిడ పని పోతుంది.

ఇక మా అసోసియేషన్ సెక్రటరీగారు. కింది వాటా, వెనకవైపు, ఖాళీ జాగా గోడకు ఆనుకుని. వాళ్ల నాన్నగారు ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో కృష్ణా ఒడ్డు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఈయనా ఆఫీసులో చేసి రిటైరయ్యారు. చెడ్డవారు కాదు. బోరు ఎండిపోయిన ఏడు ట్యాంకర్ల కోసం ఎండలో నిలబడ్డది ఆయనే. పొద్దున్నే నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా నడిచి వస్తారు. వచ్చేటప్పుడు చేతిలో ప్లాస్టిక్ కవరు నిండా పూలు ఉంటాయి. ఎవరి ప్రహరీ మీంచి వాలిన కొమ్మయినా దేవుడి కోసమే వాలిందని ఆయన నమ్మకం. మన పేటల్లో వాకింగ్ చేసే పెద్దమనుషుల్లో సగం మందికి ఈ నమ్మకం ఉంది. దాన్ని ఎవరూ దొంగతనం అనరు.

పోయినేడు వేసవిలో సెక్రటరీగారి భార్యకి గడప ముందు నల్ల గింజలు కనిపించాయి. ఆవాల కంటే కాస్త నలుపు. గడప అంచు వెంట గీత గీసినట్టు ఉన్నాయట. ఆవిడ చేత్తో ముట్టుకోలేదు. వాచ్‌మన్ భార్య చేత పేపరు మీదికి ఎత్తించి, ఉప్పూ మిరపకాయలూ వేసి, ఇంటి చుట్టూ మూడుసార్లు తిప్పించి, సందు చివర మూడు దార్లు కలిసే చోట టీ కొట్టు పక్కన పోయించారు. వారం తిరిగేసరికి మళ్లీ గింజలు. మళ్లీ ఉప్పు, మిరపకాయలు, మూడు దార్లు. ఇలా వేసవంతా నడిచింది. వానలు పడ్డాక గింజలు ఆగిపోయాయి. అందరం మర్చిపోయాం.

చలికాలం రాగానే ఆ మూడు దార్ల దగ్గర, టీ కొట్టు పక్కన, ముళ్ల మొక్కలు మొలిచాయి. వేరే ఎక్కడా కాదు, సరిగ్గా పోయించిన చోట. ఇక చెప్పేదేముంది? దిష్టి పోసిన చోట ముళ్లు పుట్టాయంటే అది మామూలు దిష్టి కాదు, ఎవరో గట్టిగా చేయించారు అన్నారు. గింజ వేస్తే మొక్క మొలుస్తుందన్న సంగతి ఆ సందులో ఒక్కరికీ తట్టలేదు. టీ కొట్టతను మాత్రం బల్లను రెండు గజాలు ఇవతలికి జరుపుకున్నాడు.

ఈ ఏడు ఎండలు మొదలవగానే మళ్లీ గింజలు. ఈసారి వాటితో పాటు సెక్రటరీగారి భార్యకు కాళ్లు వాచాయి. సాయంత్రానికి చెప్పుల్లో పాదం పట్టేది కాదు. అప్పటిదాకా గుసగుసగా ఉన్నది మాటగా బయటికి వచ్చింది. వాచ్‌మన్ భార్య కొడవలి పట్టుకుని ఖాళీ జాగాలోకి పోవడం రెండో అంతస్తు వాళ్లు చూశారు. నీళ్లు కాచుకోవడానికి ఎండిన కట్టె, ఈ ముళ్ల కంప కోసుకుంటుందని నాకు తెలుసు. వాళ్లకీ తెలుసు. అయినా, ఆ వైపు జిల్లాల వాళ్లకు ఇలాంటి విద్యలు వస్తాయని ఒకరన్నారు. వారానికి ఒక పూట సెలవు అడిగితే ఇవ్వలేదని కక్ష పెట్టుకుందని మరొకరన్నారు.

ఆవిడేం తక్కువ తినలేదు. నా గుమ్మం దగ్గర చీపురు ఆనించి నిలబడి, సెక్రటరీ భార్య మీదే తిరిగి అనుమానం చెప్పింది. "గామెనే పోసుకుంటుందేమో టీచరమ్మా. నన్ను ఎళ్లగొట్టి వాళ్ల ఊరామెను తెచ్చుకోనీకె." ఆధారం ఏంటని అడిగాను. "ఆధారమేంది? నా మీద వాళ్లకు ఆధారం ఉన్నదా?" అంది. అదే రోజు, సిమెంటుకు కోసుకుపోయిన భర్త వేళ్ల మీద ఆ మొక్క పసుపు పాలు పూస్తున్నానని కూడా చెప్పింది. అలా చేయవద్దని, ఆ పాలు మంట పెడతాయని, కంట్లో పడితే ఇంకా ప్రమాదమని చెప్పాను. వాళ్ల అవ్వ అదే పూసేదట. అవ్వ చేసింది కాబట్టి మందే అయిపోదని వాదించాను. ఇద్దరం కాసేపు మాటామాటా అనుకున్నాం. అన్యాయం జరుగుతున్న మనిషి ప్రతి నమ్మకమూ సరైనదే అనుకునే రకం కాదు నేను.

నేను పెరిగింది వాదనల మధ్య. నా చిన్నప్పుడు నారాయణగూడలో ఒక మేడ మీద గదిలో ఆదివారాలు చర్చలు జరిగేవి. పురోహితుడు లేని పెళ్లి పెళ్లేనా, కులం పేరు బడి రిజిస్టరులో ఎందుకు, శకునం అంటే ఏమిటి. పాతకాలపు సంస్కరణవాదులు, చొక్కాలకు చిరుగులు ఉన్నా వాక్యానికి చిరుగు లేనివాళ్లు. నేను అక్కడ నేర్చుకున్నది ఒక్కటే. ఎదుటివాడి నమ్మకాన్ని ఏ తక్కెడలో తూస్తావో, నీ అనుమానాన్ని కూడా అదే తక్కెడలో పెట్టు.

నాకూ ఒక అనుమానం ఉంది మరి. బలురక్కసి గింజ అచ్చం ఆవగింజలా ఉంటుంది. ఆవనూనెలో దీని నూనె కలిసి కాళ్లు వాచి మనుషులు మంచం పట్టిన సంగతులు ఉత్తరాదిలో జరిగాయి. మనం ఆ నూనె వాడం గానీ ఆవాలు పోపులో వేస్తాం, పచ్చడికి దంచుతాం. మార్కెట్లో విడిగా కొన్న ఆవాల్లో ఇవి కలిసి ఉంటే? కొట్టువాడి మోసమే ఇంట్లో చేతబడి వేషం వేసుకుని తిరుగుతుంటే? ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది. నచ్చింది కాబట్టే దాన్ని నమ్మకూడదనుకున్నాను.

ఒక గురువారం సాయంత్రం భూతద్దం తీసుకుని సెక్రటరీగారింటికి వెళ్లి ఆవాల డబ్బా అడిగాను. ఆయన భార్య నన్ను వింతగా చూసి ఇచ్చింది. తెల్లటి పళ్లెంలో పోసి చూశాను. ఆవగింజ నున్నగా ఉంటుంది, నలిపితే లోపల పసుపు. బలురక్కసి గింజ గరుకుగా, వల కప్పినట్టు ఉంటుంది, ఒక కొసన చిన్న ముక్కు. నలిపితే లోపల తెలుపు. డబ్బాలో ప్రతి గింజా ఆవగింజే. ఆ పొద్దున గడప ముందు ఏరి పొట్లం కట్టినవి మాత్రం, ఒక్కటి వదలకుండా, బలురక్కసివి. అంటే గింజలు బయట ఉన్నాయి, వంటింట్లో లేవు. నా అనుమానం ఓడిపోయింది. కాళ్లకు వేరే కారణం వెతకండి, నారాయణగూడలో మీరు చూపించుకునే డాక్టరుకు ఈ మధ్య మార్చారన్న బీపీ మాత్ర సంగతి చెప్పండి, అలాంటి కొన్నిటికి కాళ్లు వాస్తాయి అన్నాను. ఆవిడ తల ఊపి, "ప్రతి లక్ష్మీవారమూ ఇదే వరస అండీ, తప్పదు," అంటూ గుగ్గిళ్లు చేతిలో పెట్టింది. గుగ్గిళ్ల మీద ఒక పసుపు రేక అంటుకుని ఉంది. పూజలోని బంతి రేక అనుకుని తీసి పక్కన పెట్టి, తినేసి వచ్చాను.

డాక్టరు మాత్ర మార్చాడు. వాపు తగ్గడం మొదలైంది. కానీ తగ్గుతున్న వాపును ఎవరూ సాక్ష్యంగా లెక్కించరు. ఆదివారం పార్కింగులో కుర్చీలు వేసి అసోసియేషన్ మీటింగు పెట్టారు. ఒకటే విషయం: వాచ్‌మన్ కుటుంబాన్ని ఖాళీ చేయించడం. సెక్రటరీగారు కాస్త మెత్తబడి మధ్యేమార్గం ఒకటి తెచ్చారు. ఆవిడ మండుతున్న కర్పూరం అరచేతిలో పట్టుకుని తనకేమీ తెలియదని ప్రమాణం చేస్తే గదిలో ఉండనిద్దాం. పళ్లెం, కర్పూరం, అగ్గిపెట్టె బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి.

ఆవిడ కొంగు నడుముకు దోపుకుని ముందుకు వచ్చింది. నేను అడ్డం నిలబడ్డాను.

"జర పక్కకు జరుగు టీచరమ్మా," అంది మెల్లగా. "ఒక్క నిమిషం కాలుతది, గంతే. గా రూమ్ పోతే నేను ఏడికి పోవాలె?"

ఆ నిమిషం నాకు ఇప్పటికీ గుర్తే. ఆవిడ లెక్క ఆవిడది, అది తప్పు లెక్క కాదు. కానీ కర్పూరం పట్టడమంటే ఆ ఆరోపణ అడగదగ్గదేనని ఒప్పుకోవడం. రేపు ఇంకెవరి కాళ్లు వాచినా మళ్లీ ఆ చేతినే చాపమంటారు.

"ప్రమాణం చేస్తానని ఆవిడే అంటోంది కదండీ, మీకేంటి అభ్యంతరం?" అన్నారు సెక్రటరీగారు.

"అభ్యంతరం లేదు. మీ గడప దాటేవాళ్లందరూ పట్టాలి. మీరు, మీ ఆవిడ, నేను, పై అంతస్తుల వాళ్లు, వరసగా. చాలకపోతే ఇంకో డబ్బా కర్పూరం నేను తెస్తాను."

ఆయన, "ఓనర్లు కూడానా?" అన్నారు.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఎవరిదోగానీ, మీటింగు దానితో చెదిరింది. వచ్చే గురువారం దాటేదాకా ఆగమని అడిగాను. అప్పటికి గింజలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూపించలేకపోతే ఈ విషయంలో ఇక నోరెత్తనని మాట ఇచ్చాను. ఆవిడ నాకేసి చూసిన చూపులో కృతజ్ఞత ఏమీ లేదు. నా మాట మీద ఆవిడ గది పందెం కట్టాను మరి, ఆవిడను అడగకుండా.

ఆ మధ్యాహ్నమే ఖాళీ జాగాలోకి వెళ్లాను. కాలిబాట పక్కన మొక్కల కొసలు కొన్ని తెగి ఉన్నాయి. మేక కొరికితే కాడ నలిగి పీచు తేలుతుంది, అసలు మేక దీన్ని కొరకదు. కొడవలితో కోస్తే మొదట్లో తెగుతుంది. ఇవి నడుము ఎత్తున, ఏటవాలుగా, నున్నగా తెగి ఉన్నాయి. కత్తెర. ప్రతి తెగిన కొమ్మ పక్కనా మిగిలిన కొమ్మల్లో పైన పువ్వు, దాని కింద జానెడు దూరంలో విచ్చుకున్న కాయ. ఒకే కొమ్మ మీద పూతా పంటా. అప్పుడు గుర్తొచ్చింది గుగ్గిళ్ల మీది రేక. బంతి రేక అంత పల్చగా ఉండదు.

గురువారం తెల్లవారుజామున, మసక ఇంకా విడవకముందు, సెక్రటరీగారి భార్యను లేపి నాతో పాటు మెట్ల మీద కూర్చోమన్నాను. వాచ్‌మన్ భార్యను కూడా పిలిచాను. ఇద్దరూ ఒకరికొకరు తగలకుండా, నాకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. నిజం చెప్పాలంటే అప్పటికీ ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి అనుమానమే. నన్ను కూడా నమ్మినట్టు లేరు.

సెక్రటరీగారు గేటు తోసుకుని లోపలికి వచ్చారు. ఒక చేతిలో పూల కవరు, ఇంకో చేతిలో రుమాలు చుట్టి పట్టుకున్న ముళ్ల కొమ్మలు. గురువారం పూజకు పసుపు పూలు కావాలి. పేటలో ఇళ్లవాళ్లు గోడల మీద గ్రిల్స్ పెట్టించుకున్నాక చేమంతులు, గన్నేర్లు అందడం లేదు. ఇవైతే ఎవరూ అడగరు. ముళ్ల కొమ్మ పూజగదిలోకి పోకూడదు కాబట్టి, ఆయన మమ్మల్ని చూసుకోకుండానే తన గడప మీద కూర్చుని, జేబులోంచి కత్తెర తీసి, ఒక్కొక్క పువ్వే కత్తిరించి కవరులో వేసుకున్నారు. ముల్లు గుచ్చుకున్నప్పుడల్లా కొమ్మను విదిలించారు. చివరికి కొమ్మలన్నీ కట్టగా పట్టి గోడ మీంచి ఖాళీ జాగాలోకి విసిరేశారు.

నా పక్కన ఆయన భార్య లేచింది. గడప దగ్గరికి వెళ్లి వంగి చూసింది. గీత గీసినట్టు నల్ల గింజలు.

"ఏవండీ," అంది. "ఏడాదిగా నా గడపకి మంత్రం పెడుతున్నది మీరా?"

ఆయనకు మొదట అర్థం కాలేదు. పూలేగా, దేవుడికి, అన్నారు. ఆవిడ మెట్ల వైపు తిరిగి వాచ్‌మన్ భార్యను చూసింది. వాచ్‌మన్ భార్య చీపురు అందుకుని అలవాటుగా గింజలు ఊడ్వబోయింది. నేను వద్దన్నాను. ఊడ్చి ఎక్కడ పోస్తావు? మూడు దార్ల దగ్గరేగా?

ఆలోచించండి. ఆయన పూజ కోసం గింజలు ఇంటికి తెచ్చారు. ఆవిడ భయంతో ఆ గింజలను సందు చివరకు మోయించింది. అక్కడ మొలిచిన మొక్కలను చూసి అందరూ ఇంకా భయపడ్డారు. ఆయన మాత్రం, దారిలోనే పసుపు పూలు దొరుకుతున్నాయని సంతోషించి, వాటినీ కోసుకొచ్చారు. కాళ్లు లేని ఒక కలుపు మొక్కకు ఇంతమంది భక్తిగా సేవ చేశారు. దాన్ని నరికే కొడవలి పట్టిన ఒక్క మనిషిని మాత్రం వెళ్లగొట్టాలనుకున్నారు.

గది మిగిలింది. ఖాళీ చేయించే మాట మళ్లీ రాలేదు. అయితే ఏ కుర్చీల మధ్య ఆరోపణ చేశారో ఆ కుర్చీల మధ్యే తప్పు ఒప్పుకోవాలని నేను పట్టుబట్టాను. సెక్రటరీగారు జరిగిందేదో జరిగింది అన్నారు. ఆయన భార్య మాత్రం తర్వాతి మీటింగులో లేచి నిలబడి, గింజలు మా ఇంట్లోంచే వచ్చాయి, ఆ అమ్మాయికి సంబంధం లేదు అని రెండు ముక్కల్లో చెప్పి కూర్చుంది. వాచ్‌మన్ భార్య తన గది తలుపు చాటున నిలబడి వింది. తర్వాత నాతో, "గిప్పుడన్నరు. గప్పుడు కర్పూరం పట్టుకుంటే చెయ్యి కాలి ఉండేది, గింజలు మాత్రం మళ్లీ వచ్చేటివి," అంది. వారానికి ఒక పూట సెలవు కూడా ఇచ్చారు. ఎందుకిచ్చారో ఎవరూ చెప్పలేదు.

ఆ ఎండాకాలంలోనే పని మొదలుపెట్టాం. ముందు విచ్చుకున్న కాయలను కదిలించకుండా కత్తిరించి సంచుల్లో వేసి మూతి కట్టాం. తర్వాత మొక్కలు. నేల మట్టానికి నరికితే లాభం లేదు, తల్లివేరు నుంచి మళ్లీ చిగురు వేస్తుంది. గునపంతో వేరు లోపలిదాకా తెంచాలి. చలికాలంలో మళ్లీ మొలకలు వచ్చాయి, పోయినేటి కంటే తక్కువ. పూత పట్టకముందే పీకాం. పీకిన చోట నేలను బోడిగా వదల్లేదు, ఎండుటాకులు పరిచి గడ్డి దుబ్బులు నాటాం. వచ్చే ఏడూ మొలుస్తాయి. ఆ పై ఏడూ. మట్టిలో ఇంకా ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు. సెక్రటరీగారు చేతి తొడుగులు వేసుకుని వస్తున్నారు. ఆయన వెనకాల వాచ్‌మన్ భార్య నిలబడి, వేరు తెగిందా లేదా అని పరీక్షిస్తుంది. ఆయన మీద ఆవిడకు నమ్మకం లేదు. ఉండాలని నేనూ అనను.

మొన్న అడిక్‌మెట్‌లో ఒక స్నేహితురాలు ఫోన్ చేసింది. వాళ్ల గేటు ముందు కూడా నల్ల గింజలు, పని మనిషిని మాన్పించారట.

కాబట్టి మీకు చెబుతున్నాను. ఈ ఆదివారం మీ పక్కనున్న ఖాళీ జాగాలోకి మీరే దిగండి. మందపాటి తొడుగులు వేసుకోండి, ఆ పాలు కళ్లలో పడకుండా చూసుకోండి, కాయను సంచిలో కట్టండి, వేరుతో సహా పీకండి. మీ వాచ్‌మన్‌ను పిలిచి ఆ పని చెప్పకండి. మీ మీటింగులో ఎవరి చేతిలోనైనా కర్పూరం పెట్టబోతే, లేవండి. దాన్ని ఆర్పండి.